గడువు తేదీ

వెర్నా షిమాన్‌స్కీ నడిపే స్కూలు బస్సు
పదిహేడేళ్లలో ఒక్క పూటా ఆలస్యం కాలేదు.
ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొట్టే పొద్దుల్లో కూడా
ఆరూ నలభై రెండుకి పీచ్ స్ట్రీట్ మలుపు,
ఆరూ యాభైకి చర్చి వెనక వీధి.
గడియారమే ఆమెను చూసి సరిచేసుకుంటుందని
షెడ్డులో మెకానిక్కుల వేళాకోళం.

ఫిబ్రవరిలో ఆ షెడ్డు మెట్ల మీదే జారింది.
కుడి మణికట్టు. ఆరు వారాల కట్టు.
స్టీరింగు పట్టని చేతికి జీతం లేదు.
ఎడంచేత్తో కవర్లు చింపడం చేతకాక
వచ్చినవి వచ్చినట్టే బ్రెడ్డు డబ్బా వెనక దోపింది.
గడువులు రెండు గడిచిపోయాయి.
ఆమెకు మాత్రం రోజు గడవలేదు.

ఏప్రిల్లో వచ్చిన ఉత్తరం పల్చగా ఉంది.
"విలువైన ఖాతాదారు గారికి" అని మొదలై
రెండో పేరాలో ఆ విలువెంతో చెప్పింది:
ఇరవై తొమ్మిది పాయింటు తొంభై తొమ్మిది శాతం.
బాటా చెప్పుల ధరలాగా
ముప్పై అనడానికి దానిక్కూడా మొహమాటమే.
మన లెక్కలో నూటికి నెలకి రెండున్నర.
ఆ లెక్క ఆమెకు తెలీదు.
తెలిసిందల్లా కరెంటు బిల్లు వెనక
పెన్సిలుతో వేసుకున్నది:
మూడువేల ఎనిమిదివందల నలభై రెండు డాలర్లు.
అందులో ఫర్నేసు మోటారుంది,
కుక్కకి పీకించిన పన్నుంది,
చెల్లెలి కూతురి ట్రాంబోను అద్దె ఉంది.
మొన్నటిదాకా నెలకి యాభై తినేది వడ్డీ.
ఇక మీదట తొంభై ఆరు.
నూట ఇరవై కడితే
అసల్లో తగ్గేది ఇరవై నాలుగు.

ఫోను చేసింది.
నలభై నిమిషాలు శాక్సొఫోను విన్నాక
డెలానో అనే గొంతు దొరికింది.
"అసలు ఏమైందండీ?"
అసలు ఏమైందో చెప్పింది. మెట్లు, మంచు, మణికట్టు.
ఓపిగ్గానే విన్నాడు.
అతని తెర మీద మణికట్టుకి గడి లేదు.
"నా బస్సు ఎప్పుడూ" అని మొదలుపెట్టి
ఎందుకో ఆపేసింది.
"ఆర్నెల్లు వరసగా తేదీ తప్పకుండా కట్టండి,
పాత బాకీకి పాత రేటు వస్తుంది" అన్నాడు.
తర్వాత గొంతు తగ్గించి, కాగితంలో లేని మాట:
"పద్దెనిమిది దాకా ఆగకండి. పద్నాలుగునే కట్టేయండి.
మా అమ్మ అలాగే చేస్తుంది."

ఆ రాత్రి కార్డుని ఐస్‌క్రీం డబ్బాలో వేసి
నిండా నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టింది.
చెయ్యి విరిచిన మంచుకే
కాపలా అప్పజెప్పింది.

మే. జూన్.
బడి లేని నెలల్లో బస్సూ లేదు.
సరస్సు ఒడ్డు మోటెల్లో దుప్పట్లు మార్చింది,
నొప్పి చేత్తోనే మూలలు మడుస్తూ.
జూలైలో కారు టైరు పేలిన రోజు
డబ్బా తీసి సింకులో పెట్టింది.
అంచులు కరిగి నీలం రంగు కొంచెం బయటపడింది.
చూస్తూ నిలబడింది.
మళ్లీ లోపల పెట్టేసి
పనికి నడిచి వెళ్లింది, మూడు మైళ్లు.

ఆగస్టు గురించి ఆమె ఎవరికీ చెప్పదు.

సెప్టెంబరులో మళ్లీ బస్సు.
చర్చి వెనక వీధిలో కొత్త పిల్లాడు, ఎజ్రా.
ఒక చేతిలో టోస్టు, ఒక చేతిలో బూటు,
రోజూ ఆలస్యమే.
నిమిషం మించి ఆగకూడదని కంపెనీ రూలు.
మొదటి రోజు ఆగింది.
రెండో రోజు అద్దంలో చూసి ఆగింది.
మూడో రోజు "రేపు వెళ్లిపోతా, చూస్కో" అని బెదిరించి
నాలుగో రోజూ ఆగింది.
షెడ్డు రిజిస్టర్లో ఆమె పేరు పక్కన
పదిహేడేళ్లలో మొదటిసారి ఒక ఎర్ర చుక్క.

అక్టోబరు పద్నాలుగు. ఆరోది కట్టేసింది.
ఉత్తరమింకా రాలేదు. వస్తుందేమో.
డెలానో ఇంటిపేరు అడగలేదే అని
ఇప్పుడు దిగులు.

పొద్దున ఆరూ యాభై రెండు.
వెనక పిల్లలు పోదాం పోదాం అంటున్నారు.
తలుపు తెరిచే ఉంచింది, చలి లోపలికొస్తోంది.
వీధి చివర
బూటు చప్పుడు.
ఒకటే బూటు.